జెనోవా నగరం - షాంపేన్ సంతలు

షాంపేన్ అనగానే చాలామందికి ద్రాక్ష మద్యం గుర్తుకు వస్తుంది. చరిత్ర విద్యార్థికి మాత్రం ఆ పేరు మరొక కారణం చేత ముఖ్యమైనది. షాంపేన్ ఈశాన్య ఫ్రాన్సులో 'కౌంట్' అనే బిరుదు గల ప్రభువులు పాలించిన ప్రాంతం. 12, 13 శతాబ్దాలలో అక్కడి లాన్యీ, బార్, ప్రొవాన్, త్రువా పట్టణాలలో ఏడాదికి ఆరు పెద్ద సంతలు, ఒకదాని తర్వాత ఒకటి జరిగేవి.

ఇటలీలోని జెనోవా ఒక ఓడరేవు. ముందు సముద్రం, వెనుక కొండలు, సాగుభూమి తక్కువ. అందుచేత అక్కడివారు వర్తకాన్నే నమ్ముకున్నారు. మన మలబారు తీరపు మిరియాలు అలెగ్జాండ్రియా మీదుగా జెనోవా చేరి, అక్కడినుండి కంచరగాడిదల మీద కొండదారులు దాటి షాంపేన్ సంతలకు వెళ్ళేవి. తిరుగు ప్రయాణంలో ఫ్లాండర్స్ ఉన్ని బట్టలు వచ్చేవి.

అంత దూరం నాణేల మూటలు మోయడం ప్రమాదం. కనుక జెనోవాలో స్థానిక నాణేలు తీసుకొని, ఫలానా సంతలో ప్రొవాన్ నాణేలతో చెల్లిస్తామని నోటరీ ఎదుట పత్రం రాసేవారు. ప్రతి సంతలోనూ చివరి రోజులను బాకీలు తీర్చుకోవడానికి కేటాయించేవారు.

మరి బాకీదారుడు పారిపోతే? సంత అధికారులు అతని ఊరి పెద్దలకు లేఖ పంపేవారు. వారు బాకీ ఇప్పించకపోతే ఆ ఊరి వర్తకులందరికీ సంతలో ప్రవేశం నిషేధించేవారు. ఒక్కడి తప్పుకు ఊరంతా నష్టపోవలసి వచ్చేది. ఇది కఠినమైన నియమమే. అయినా ముక్కూ మొహం తెలియని వర్తకులు అప్పు ఇవ్వగలిగారంటే దానికి ఈ నియమం, దారి పొడవునా కౌంట్లు కల్పించిన రక్షణ ముఖ్య కారణాలు.

1277-78 ప్రాంతంలో జెనోవా ఓడలు జిబ్రాల్టర్ దాటి నేరుగా ఫ్లాండర్స్ వెళ్ళడం మొదలైంది. 1284లో షాంపేన్ వారసురాలు జీన్‌ను వివాహమాడిన ఫిలిప్, 1285లో ఫ్రాన్సు రాజయ్యాడు. తరువాత ఆయన ఫ్లాండర్స్‌తో చేసిన యుద్ధాలు వర్తకులకు ఆటంకమయ్యాయి. 14వ శతాబ్దంలో సంతలు క్షీణించాయి.

సోదర విద్యార్థులారా! ఆ వర్తకుడు సంతలో తన పేరుతో పాటు తన ఊరి పేరునూ మోశాడు. మనలో ఒకరు బయట అప్పు ఎగవేస్తే, రేపు అదే దుకాణానికి వెళ్ళే తమ్ముడికి "హాస్టల్ పిల్లలకు అరువు లేదు" అన్న మాట ఎదురవుతుంది. ఒకరు మాట నిలబెట్టుకుంటే ఆ మంచిపేరు కూడా అందరిదీ అవుతుంది.