మానిక నుండి కెలోరీ వరకు

గోదావరి పాయల నడుమ ఒదిగిన కోనసీమ వరికీ కొబ్బరికీ నెలవు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన పిమ్మట కాలువల నీటితో ఇక్కడి పొలాలు సస్యశ్యామలమయ్యాయి. అన్నమే ఈ సీమవాసుల ప్రధానాహారం. అతిథి విస్తరిలో కొసరి కొసరి వడ్డించడం ఇక్కడి మర్యాద. అటువంటి చోట అన్నాన్ని తూచి తినాలనడం వింతగా, కొంత లోభితనంగా కూడా తోస్తుంది. కాని కొలత ఈ నేలకు కొత్త కాదు.

పూర్వం తెలుగువారి ఇళ్లలో గిద్ద, సోల, తవ్వ, మానిక, కుంచం అనే కొలపాత్రలు ఉండేవి. నాలుగు గిద్దలు ఒక సోల. రెండు సోలలు ఒక తవ్వ. రెండు తవ్వలు ఒక మానిక. నాలుగు మానికలు ఒక కుంచం. ఇల్లాలు ఇంటిల్లిపాదినీ తలచుకొని, మనిషికి ఇంత అని బియ్యం కొలిచి ఎసట్లో పోసేది. చివర తినేవారికి తక్కువ కాకూడదు. మిగిలి వృథా కాకూడదు. ఆమె కొలిచింది బియ్యాన్ని, అన్నాన్ని కాదు. నేటి ఆహారగణనకు కావలసిన సూత్రం ఈ భేదంలోనే ఉంది.

ఆహారం వలన దేహానికి లభించే శక్తిని కెలోరీలలో లెక్కిస్తారు. వాడుకలో కెలోరీ అనేది శాస్త్రపరిభాషలో కిలోకెలోరీ. 100 గ్రాముల బియ్యంలో సుమారు 350 కెలోరీలు ఉంటాయి. ఆ బియ్యం ఉడుకుతూ నీటిని పీల్చుకొని దాదాపు 270 గ్రాముల అన్నమవుతుంది. నీటికి కెలోరీలు లేవు. బరువు పెరిగినా శక్తి పెరగదు. కనుక 100 గ్రాముల అన్నంలో ఉండేది సుమారు 130 కెలోరీలే.

ఈ సంగతి మరచినచో లెక్క తారుమారవుతుంది. రాజోలు ప్రాంతంలోని ఒక ఇంటిని ఊహించవచ్చు. బరువు తగ్గాలనుకొన్న కుమార్తె 200 గ్రాముల అన్నం తూచుకొని, బియ్యపు లెక్కతో 700 కెలోరీలు తిన్నాననుకొంటుంది. నిజానికి ఆమెకు అందినవి 260 మాత్రమే. అర్ధాకలితో కళాశాలకు వెళ్లిన ఆమెకు పాఠం తలకెక్కదు. అదే ఇంట మధుమేహం ఉన్న తాతగారికి 200 గ్రాముల బియ్యం వండి, అన్నపు లెక్కతో 260 కెలోరీలే అని తలుస్తారు. ఆయన భుజించినవి 700. తూనిక ఇద్దరి విషయంలోనూ సరైనదే, తప్పినది లెక్క.

దీనికి పరిష్కారం సులభం. ముందుగా బియ్యాన్ని, పిదప అన్నాన్ని తూచాలి. ఖాళీ గిన్నె బరువును తీసివేయడం మరువరాదు. 300 గ్రాముల బియ్యం 810 గ్రాముల అన్నమైతే, అందులో 270 గ్రాములు తిన్నవారు మూడవ వంతు, అనగా 100 గ్రాముల బియ్యం తిన్నట్లు. అన్నం పలుకుగా ఉన్నా, మెత్తగా ఉన్నా ఈ పద్ధతి చెల్లుతుంది. అత్తెసరు పెట్టినప్పుడు లెక్క సరిగా నిలుస్తుంది. గంజి వార్చితే కొంత పిండిపదార్థమూ, బి విటమిన్లూ దానితో పోతాయి కనుక లెక్కలో స్వల్పభేదం వస్తుంది.

సేమియాకూ, నేడు పట్టణాలలో పరిచితమైన పాస్తాకూ ఇదే సూత్రం వర్తిస్తుంది. ఎండు పాస్తా ఉడికితే సుమారు రెండింతల బరువు తూగుతుంది. అది అన్నమంత నీటిని పీల్చదు కనుక, సమానమైన బరువులో ఉడికిన పాస్తాకే కెలోరీలు ఎక్కువ.

పరిమాణం ఒక్కటే ఆరోగ్యానికి చాలదు. తెల్లగా మరపట్టిన బియ్యమే ప్రధానంగా తినేవారిని బెరిబెరి వ్యాధి పీడించేది. దానిపై పరిశోధనకు 1918లో కూనూరులో ప్రారంభమైన సంస్థయే 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థగా పేరుపొందింది. రోజుకు 2,000 కెలోరీల ఆహారంలో ధాన్యాలు 250 గ్రాములు ఉండాలని ఆ సంస్థ 2024లో సూచించింది. అది కూడా వండని ధాన్యపు బరువే. తక్కిన శక్తి పప్పులు, కూరగాయలు, పాలు, పండ్లు మొదలైన వాటి నుండి రావాలి.

దేశంలో సుమారు 10 కోట్ల మంది మధుమేహంతో ఉన్నారని 2023లో ప్రచురితమైన జాతీయస్థాయి అధ్యయనం వెల్లడించింది. ఈ స్థితిలో కొలత తెలియడం అవసరం. అయితే ఎదిగే వయసులోని వారు వైద్యసలహా లేకుండా ఆహారం తగ్గించుకోరాదు. కొలత అన్నది ఆకలిని అణచడానికి కాదు. ఎవరికెంత అవసరమో ఎరుగడానికి. సోలతో బియ్యం కొలిచిన ఆనాటి ఇల్లాలి చేతిలో ఉన్నది పిసినారితనం కాదు, ఇంటిల్లిపాది మీది శ్రద్ధ. నేటి తూనికయంత్రం వెనుక ఉండవలసినదీ ఆ శ్రద్ధయే.

అభ్యాసం
1. బియ్యపు లెక్కకూ అన్నపు లెక్కకూ గల భేదాన్ని సోదాహరణంగా వివరించండి.
2. 400 గ్రాముల బియ్యం వండగా 1,000 గ్రాముల అన్నమైంది. అందులో 200 గ్రాములు తిన్నవారికి లభించే కెలోరీలు ఎన్ని?
3. మీ ఇంటి పెద్దలనడిగి, వారెరిగిన కొలపాత్రల పేర్లు రాయండి.