కంచే చేను మేస్తుంటే అరిచినవాడు దొంగా?

ఒక ప్రభుత్వ ఉద్యోగి రహస్యాలు కాపాడతానని సంతకం పెట్టి ఉద్యోగంలో చేరాడు అనుకుందాం. ఆ రహస్య ఫైళ్లలోనే, ప్రభుత్వం జనానికి చెప్తున్న అబద్ధం కనిపించింది. బయటపెడితే నేరం, ఊరుకుంటే అబద్ధం అలాగే సాగిపోతుంది. ఇలా బయటపెట్టేవాళ్లనే విజిల్‌బ్లోయర్ అంటారు, మన పత్రికల భాషలో ప్రజావేగు. చట్టం మీరిన ప్రజావేగు మీద కనికరం చూపించాలా? ఇదీ మన ప్రశ్న.

డేనియల్ ఎల్స్‌బర్గ్ కేసు చూద్దాం. ఆయన అమెరికాలో ర్యాండ్ అనే సంస్థలో రక్షణ విశ్లేషకుడు. వియత్నాం యుద్ధం మీద రక్షణ శాఖ రహస్యంగా రాయించుకున్న సుమారు 7,000 పేజీల నివేదిక ఆయన చేతికొచ్చింది. వరసగా వచ్చిన ప్రభుత్వాలు లోపల ఒకటి అనుకుంటూ బయట జనానికి ఇంకోటి చెప్పాయని అందులో ఉంది. 1969లో ఆయన ఆ పేజీలు జిరాక్స్ తీశారు. ముందు సెనేటర్లని కలిశారు, ఫలితం లేదు. చివరికి 1971 జూన్‌లో న్యూయార్క్ టైమ్స్ ప్రచురించింది. శాంతి చర్చలకి సంబంధించిన సంపుటాల్ని మాత్రం, చర్చలు దెబ్బతినకూడదని, ఆయన పత్రికలకి ఇవ్వలేదు.

1917 నాటి గూఢచర్య చట్టం కింద కేసు పెట్టారు. అన్నీ రుజువైతే 115 ఏళ్ల దాకా జైలు. "ఎందుకు కాపీ చేశారు?" అని కోర్టులో ఆయన లాయరే అడిగితే, ఆ ప్రశ్న కేసుకి అనవసరం అన్నారు జడ్జి! 1973లో కేసు కొట్టేశారు. కారణం ఎల్స్‌బర్గ్ ఉద్దేశం మంచిదని కాదు. ప్రభుత్వం మనుషులే ఆయన మానసిక వైద్యుడి ఆఫీసులో దొంగతనంగా దూరారనీ, ఆయన ఫోన్ మాటలు విన్నారనీ బయటపడింది. ఆయన చేసింది తప్పా ఒప్పా అన్నది కోర్టు తేల్చనే లేదు.

అవతలి వాదన కూడా బలమైనదే. ప్రతి ఉద్యోగీ తనకి తోచిన రహస్యం బయటపెడితే దేశ రక్షణ ఏం కావాలి? చెల్సీ మానింగ్ సైన్యంలో ఉండగా 7 లక్షలకు పైగా పత్రాలు వికీలీక్స్‌కి ఇచ్చారు. బాగ్దాద్‌లో హెలికాప్టర్ నుంచి జనాన్ని కాల్చిన వీడియో వాటితోపాటే వచ్చింది. అది ప్రజలు చూడాల్సిందే. కానీ దౌత్యవేత్తలతో నమ్మి మాట్లాడినవాళ్ల పేర్లు కూడా ఆ పత్రాల్లో ఉన్నాయి. 2013లో 35 ఏళ్ల శిక్ష పడింది. 2017లో ఒబామా దాన్ని తగ్గించారు. నేరం మాఫీ కాలేదు, శిక్ష మాత్రం తగ్గింది.

కాబట్టి అందర్నీ ఒకే గాటన కట్టలేం. నా లెక్కలో మూడు ప్రశ్నలు అడగాలి. బయటపడింది నిజంగా ప్రభుత్వ తప్పేనా? అవసరమైనంతే బయటపెట్టారా? ముందు సరైన దారిలో ప్రయత్నించారా? ఎల్స్‌బర్గ్ మూడింటికీ జవాబు చెప్పగలరు. మానింగ్ రెండో ప్రశ్న దగ్గర తడబడతారు. అయితే ఈ ప్రశ్నలు అడగడానికి కోర్టులో చోటుండాలి కదా! కెనడా చట్టంలో షరతులతో అయినా ప్రజాప్రయోజనం అనే వాదనకి చోటుంది. అమెరికా గూఢచర్య చట్టంలో లేదు. 2013 నుంచి రష్యాలో ఉంటున్న ఎడ్వర్డ్ స్నోడెన్ అడుగుతున్నదీ అదే: ఎందుకు చేశానో జ్యూరీకి చెప్పుకోనిస్తే తిరిగొస్తానంటాడు.

మరి మన దేశం? 1923 నాటి అధికార రహస్యాల చట్టం ఇంకా ఉంది. ప్రజావేగుల రక్షణకి 2014లో చట్టం చేశారు, కానీ ఏళ్లు గడిచినా అమల్లోకి తేలేదు. మూడో ప్రశ్న ఇక్కడే బరువెక్కుతుంది. ఐఐటీ కాన్పూర్‌లో చదివిన సివిల్ ఇంజనీర్ సత్యేంద్ర దూబే ఏ చట్టమూ మీరలేదు. స్వర్ణ చతుర్భుజి రోడ్డు పనుల్లో అవినీతి జరుగుతోందని ప్రధాని కార్యాలయానికి ఉత్తరం రాశారు, పేరు గోప్యంగా ఉంచమన్నారు. ఉత్తరం పేరుతో సహా ఆఫీసుల్లో తిరిగింది. 2003 నవంబర్‌లో గయలో ఆయన్ని కాల్చి చంపారు. దోపిడీ దొంగల పని అని సీబీఐ తేల్చింది. హత్యకి కారణం ఏదైనా, పేరు దాచమన్న చిన్న కోరిక కూడా నెరవేరలేదన్నది వాస్తవం.

రాజమార్గం ఇలా ఉంచి, అడ్డదారి తొక్కినవాణ్ణి మాత్రమే శిక్షిస్తే అది న్యాయం అనిపించుకోదు. కనికరం అంటే కేసు లేకుండా వదిలేయమని కాదు. "ఎందుకు చేశావు?" అని అడిగి, జవాబు విని, శిక్ష ఎంతో తేల్చమని. రేపు మనలోనే కొందరం ప్రభుత్వ శాఖల్లో ఇంజనీర్లుగా చేరతాం, బిల్లుల మీద సంతకాలు పెడతాం. ఆ ప్రశ్న అడిగే కోర్టు ఉందో లేదో అప్పుడు మనకీ అవసరం పడొచ్చు.