ఆరో దూలం ఏమయింది?

పోయిన నెలలో మా స్నేహితుడి కూతురు ఫోను చేసింది. ఇక్కడే అమెరికాలో సివిల్ ఇంజనీరింగులో ఎం.ఎస్. చేస్తోంది. "అంకుల్, మా ప్రొఫెసర్ గారు నా థీసిస్‌ని పేపరుగా రాసి జర్నలుకి పంపమంటున్నారు. మొత్తం ఆరు దూలాలు పోయించాను. ఐదింటి లెక్క బ్రహ్మాండంగా కుదిరింది. ఆరోదాంట్లో స్ట్రాండు జారింది. అది వదిలేసి ఐదే చూపిస్తే తప్పా?" అని అడిగింది.

నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ముప్ఫై ఏళ్ళ క్రితం ఇదే ప్రశ్న నన్ను నేను వేసుకుని, తప్పు జవాబు చెప్పుకున్నవాణ్ణి మరి. ఆ సంగతికి తరవాత వస్తాను. ముందు ఆ స్ట్రాండు ఏమిటో, అది జారితే ఏమవుతుందో చెప్పాలి. ఇంజనీర్లు కానివాళ్ళు కంగారు పడక్కర్లేదు, లెక్కలు రెండు మూడే ఉన్నాయి.

కాంక్రీటుని నొక్కితే ఓర్చుకుంటుంది, లాగితే చిట్లుతుంది. దూలం మీద బరువు పెడితే పైభాగం నొక్కుకుంటుంది, కిందిభాగం సాగబోతుంది. అందుకే పగుళ్ళు కింద వస్తాయి. మామూలు ఆర్.సి.సి. దూలంలో ఆ లాగుడుని ఇనప కడ్డీలు భరిస్తాయి, కాని పగుళ్ళు వచ్చాక గాని వాటికి అసలు పని మొదలవదు. ప్రీస్ట్రెస్డ్ కాంక్రీటులో ఉపాయం వేరు. మన ఊళ్ళలో ఎడ్లబండి చక్రానికి ఇనప పట్టా వెయ్యడం చూసినవాళ్ళకి ఇది సులభంగా తెలుస్తుంది. పట్టాని ఎర్రగా కాల్చి, చక్రానికి తొడిగి, నీళ్ళు పోస్తారు. చల్లారిన పట్టా ముడుచుకుని చెక్క ముక్కలన్నిటినీ బిగించి పట్టేస్తుంది. బండి కదలకముందే చక్రంలో బిగువు ఉందన్న మాట. కాంక్రీటుకి కూడా బరువు రాకముందే ఇలాంటి బిగువు పెడితే, తరవాత వచ్చే లాగుడు ముందు ఆ బిగువుని కరిగించుకోవాలి. అప్పటిదాకా పగులు రాదు. ఫ్రాన్సు దేశపు ఇంజనీరు యూజీన్ ఫ్రేసినే దీనికి 1928లో పేటెంటు తీసుకున్నాడు. కాంక్రీటు ఏళ్ళ తరబడి నొక్కుడులో ఉంటే మెల్లమెల్లగా కుంచించుకుపోతుందనీ, మామూలు ఇనుములో పెట్టిన బిగువంతా ఆ కుంచింపుకే ఖర్చయిపోతుందనీ, అందుకని చాలా గట్టి ఉక్కు తీగలు కావాలనీ కనిపెట్టడమే ఆయన చేసిన అసలు పని.

అమెరికాలో ఈ పద్ధతికి పేరు తెచ్చిన మొదటి పెద్ద వంతెన ఫిలడెల్ఫియాలోని వాల్‌నట్ లేన్ వంతెన. బెల్జియం ప్రొఫెసర్ గుస్తావ్ మాగ్నెల్ డిజైను చేశాడు, మధ్య స్పాను 160 అడుగులు. కట్టేముందు, 1949లో, అసలు కొలతలతోనే ఒక దూలం పోసి, ఇంజనీర్లని పిలిచి, వాళ్ళ కళ్ళముందే విరిగేదాకా బరువు పెట్టి చూపించారు. నన్నడిగితే ఈ దేశంలో ప్రీస్ట్రెస్డ్ కాంక్రీటు మీద వెలువడిన మొదటి "పేపరు" అదే. 1954లో ప్రీస్ట్రెస్డ్ కాంక్రీట్ ఇన్‌స్టిట్యూట్ పుట్టింది, 1956లో దాని పత్రిక పి.సి.ఐ. జర్నల్ మొదలయింది. మా అమ్మాయి పేపరు పంపబోయేది దానికే.

ఇప్పుడు ప్రీకాస్ట్ ప్లాంటులోకి వెళదాం. వందల అడుగుల పొడుగున్న ఇనప అచ్చు ఉంటుంది. దాంట్లో ఏడు తీగలు పెనవేసిన స్ట్రాండ్లని, నడుమ ఒకటి, చుట్టూ ఆరు, ఈ చివరినుంచి ఆ చివరికి లాగి కట్టేస్తారు. అరంగుళం స్ట్రాండు ఒక్కొక్కదాన్నీ దాదాపు 31 వేల పౌన్ల బలంతో లాగుతారు. కాంక్రీటు పోసి, రాత్రంతా వేడి తగిలేలా కప్పి ఉంచుతారు. తెల్లవారుజామున కాంక్రీటు చాలినంత గట్టిపడిందని తేలగానే స్ట్రాండ్లని గ్యాసు మంటతో కోసేస్తారు. మర్నాటి దూలానికి అచ్చు ఖాళీ కావాలి కదా! కోసిన క్షణంలో స్ట్రాండు వెనక్కి ముడుచుకోబోతుంది. కాంక్రీటు దాన్ని పట్టుకుని ఆపుతుంది. ఆ పట్టులోంచే బిగువు దూలంలోకి వస్తుంది. చివర్లలో నట్టు లేదు, బోల్టు లేదు. అంతా పట్టే.

ఈ పట్టు ఎలా వస్తుందో చెప్పకుండా ఉండలేను. రబ్బరు బాండుని లాగితే సన్నబడుతుంది, వదిలితే లావెక్కుతుంది. ఉక్కు కూడా అంతే, కంటికి కనపడనంత కొద్దిగా. కోసిన చివర స్ట్రాండులో బిగువు సున్నా, కనక అక్కడ లావు ఎక్కువ. లోపలికి వెళ్ళేకొద్దీ బిగువు ఎక్కువ, లావు తక్కువ. అంటే స్ట్రాండు తనకు తానే చీల అయిపోయి కాంక్రీటులో బిగుసుకుంటుంది. దీన్ని జర్మన్ ఇంజనీరు పేరు మీద హోయర్ ప్రభావం అంటారు. ఇలా చివరినుంచి పూర్తి బిగువు చేరేదాకా పట్టే దూరాన్ని ట్రాన్స్‌ఫర్ లెంగ్త్ అంటారు, మనం బదిలీ పొడుగు అందాం. స్ట్రాండు మందానికి 50 రెట్లు అని స్థూలంగా లెక్క. అరంగుళం స్ట్రాండుకి 25 అంగుళాలు. దూలం విరగబోయే సమయంలో స్ట్రాండు తన పూర్తి బలం చూపించాలంటే ఇంకా ఎక్కువ దూరం కావాలి. అది డెవలప్‌మెంట్ లెంగ్త్, పట్టు పొడుగు అందాం. మామూలు సందర్భాల్లో ఆరున్నర అడుగులకి అటూ ఇటూ వస్తుంది. ఈ పొడుగు చాలకపోతే దూలం చివర్లో స్ట్రాండు జారుతుంది, హెచ్చరిక లేకుండా విరుగుతుంది. మధ్యలో వంగి, పగుళ్ళు చూపించి, మనుషులు తప్పుకోడానికి వ్యవధి ఇచ్చే మర్యాద దానికి ఉండదు.

ఈ పొడుగుకి సూత్రం ఎక్కడిది? పోర్ట్‌లండ్ సిమెంట్ అసోసియేషన్ ప్రయోగశాలలో హాన్సన్, కార్ అనే ఇద్దరు చేసిన ప్రయోగాలు 1959లో అచ్చయ్యాయి. వాటి ఆధారంగా 1963లో అమెరికన్ కాంక్రీట్ ఇన్‌స్టిట్యూట్ కోడులోకి సూత్రం ఎక్కింది. అందులో స్ట్రాండు మందం ఉంది, బిగువు ఉంది. స్ట్రాండు ఒంటిమీద ఏముందన్నది మాత్రం లేదు. తరవాత స్ట్రాండ్లు మారాయి, ఇంకా గట్టి రకాలు వచ్చాయి. సూత్రం అలాగే ఉండిపోయింది. 

అనుమానం వచ్చిన తీరు చూడండి. నార్త్ కెరొలైనా స్టేట్ యూనివర్సిటీలో కజిన్స్, జాన్‌స్టన్, జియా అనే ముగ్గురు ఎపాక్సీ పూత వేసిన స్ట్రాండ్ల పట్టు ఎలా ఉంటుందో పరీక్షించారు. పోలిక కోసం పూత లేని మామూలు స్ట్రాండ్లు కూడా పెట్టుకున్నారు. వాళ్ళ ప్రశ్న పూత గురించి. తీరా చూస్తే పోలిక కోసం పెట్టుకున్న మామూలు స్ట్రాండ్లకే కోడు చెప్పినదానికంటే ఎక్కువ పొడుగు కావలసివచ్చింది! "ఇది మన ప్రశ్న కాదు" అని ఆ అంకెల్ని అడుగున పడేసి ఉంటే అడిగేవాడు లేడు. వాళ్ళు 1986 నివేదికలో రాశారు, 1990లో పి.సి.ఐ. జర్నల్‌లో ప్రచురించారు. ఈలోగా 1988లో ఫెడరల్ హైవే అడ్మినిస్ట్రేషన్ ఆదేశం వచ్చేసింది: వంతెన దూలాల్లో ముందే లాగి పోసే పద్ధతికి 0.6 అంగుళాల స్ట్రాండు వాడకూడదు, మిగతావాటికి పట్టు పొడుగుని 1.6 రెట్లు చెయ్యాలి. ఆరున్నర అడుగులు ఒక్క కలం పోటుతో పది దాటిపోయాయి.

పరిశ్రమ గగ్గోలు పెట్టింది. ఆస్టిన్‌లో, టెనెసీలో, ఇంకా చాలా చోట్ల ప్రయోగాలు మొదలయ్యాయి. వచ్చిన ఫలితాలు ఒకదానితో ఒకటి పొసగలేదు. ఒకరికి కోడు సరిపోయింది, ఒకరికి చాలలేదు. కొంత తేడా కొలిచే పద్ధతిలోనే ఉంది. దూలం పక్కన రెండేసి అంగుళాలకి ఒక చిన్న ఉక్కు బిళ్ళ అంటించి, స్ట్రాండు కొయ్యకముందూ కోశాకా వాటి మధ్య దూరం కొలుస్తారు. గ్రాఫు గీస్తే చివరినుంచి ఎక్కి ఒకచోట చదునవుతుంది. సరిగ్గా ఎక్కడ చదునయింది? ఒకరి కంటికి ఒకచోట, ఇంకొకరి కంటికి ఆరంగుళాలు అవతల. చదును విలువలో 95 శాతం చేరినచోట అని ఆస్టిన్ వాళ్ళు ఒక నియమం పెట్టుకుని, అది పేపర్లో స్పష్టంగా రాశారు. రాశారు కనకనే వాళ్ళ అంకెల్ని పోల్చడం వీలయింది. 1996లో 0.6 అంగుళాల స్ట్రాండు మీద నిషేధం తొలగింది.

అసలు ముడి విప్పిన పేపరు మాత్రం యూనివర్సిటీ నుంచి కాదు, ప్లాంటు నుంచి వచ్చింది. కొలరాడో స్ప్రింగ్స్‌లోని స్ట్రెస్‌కాన్ అనే ప్రీకాస్ట్ కంపెనీకి చెందిన డొనాల్డ్ లోగన్ వేరువేరు తయారీదార్ల స్ట్రాండ్లు తెచ్చి, ఒకే కాంక్రీటులో, ఒకే పద్ధతిలో దూలాలు పోశాడు. వాటితోపాటు సాద్ ముస్తఫా అనే ఇంజనీరు 1970లలో వాడిన ఒక మోటు పరీక్ష కూడా చేశాడు: స్ట్రాండుని 18 అంగుళాలు కాంక్రీటులో పాతి, గట్టిపడ్డాక పట్టుకు లాగడం, అంతే. ఆ మోటు పరీక్షలో సులువుగా ఊడివచ్చిన స్ట్రాండ్లే దూలాల్లోనూ జారాయి. గట్టిగా నిలబడ్డవి దూలాల్లో కోడు లెక్కకి లొంగాయి. అంటే తేడా సూత్రంలో కన్నా స్ట్రాండు చర్మంలో ఎక్కువ ఉంది. తీగని సన్నగా లాగేటప్పుడు సబ్బులాంటి జిడ్డు పదార్థాలు వాడతారు, వాటి శేషం పైన ఉండిపోతే కాంక్రీటు పట్టు తగ్గుతుంది. కోడు దృష్టిలో అన్నీ అరంగుళం స్ట్రాండ్లే, కాంక్రీటుకి మాత్రం తేడా తెలుసు. ఆ పేపరు 1997లో పి.సి.ఐ. జర్నల్‌లో వచ్చింది. అరంగుళం స్ట్రాండుకి సగటున 36 వేల పౌన్లు ఓర్చుకోవాలని ఆయన హద్దు పెట్టాడు. ఈ పరీక్షని తరవాతివాళ్ళు సానపెట్టారు. కాంక్రీటు చోటుకో రకంగా ఉంటుందని దాని బదులు ఇసుక, సిమెంటు మోర్టారు వాడారు. చివరికి 2012లో ఎ.ఎస్.టి.ఎం. ఎ1081 అనే ప్రమాణంగా స్థిరపడింది. 1986 నుంచి 2012 దాకా, ఇరవయ్యారేళ్ళు!

ఇది అమెరికా గొడవ, మనకెందుకు అనుకోకండి. మన ఊరికి రైల్లో వెళుతున్నప్పుడు చక్రాల కింద ఉన్న కాంక్రీటు స్లీపర్లు ఇలా ముందే లాగి పోసినవే. పొడుగు రెండు ముప్పావు మీటర్లు. రైలు పట్టా కూచునే చోటు చివరినుంచి అరమీటరు దూరంలోనే ఉంటుంది. అంత బరువు పడే చోటికి, ఆ అరమీటరులోపే బిగువు చేరుకోవాలి. అందుకే అక్కడ లావు స్ట్రాండ్లు కాకుండా, మూడేసి తీగలు పెనవేసిన సన్నవి వాడతారు. మందం తగ్గితే బదిలీ పొడుగు తగ్గుతుంది కదా.

ఇక నా కథ. తొంభైలలో, ఈ గొడవ మధ్యలో, నేనూ ఎనిమిది దూలాలు పోయించిన విద్యార్థినే. తెల్లవారుజాము చలిలో బిళ్ళలు అంటించి, వేళ్ళు కొంకర్లు పోతుంటే కొలతలు తీసినవాణ్ణే. ఆరోదాని చివర స్ట్రాండు లోపలికి నాలుగు మిల్లీమీటర్లు పోయింది. ఇక్కడ ఒక చిన్న లెక్క ఉంది: బదిలీ పొడుగు 25 అంగుళాలైతే స్ట్రాండు చివర లోపలికి జారేది రెండు మిల్లీమీటర్ల పైచిలుకు. నాలుగు జారిందంటే పొడుగు దాదాపు రెట్టింపన్న మాట. "కొలవడంలో పొరపాటు చేసి ఉంటాను, చేతులు చలికి వణికాయి" అని నాకు నేను సర్దిచెప్పుకుని ఆ దూలాన్ని పేపర్లోంచి తీసేశాను. దూలాల పేర్లు మార్చడం మాత్రం మర్చిపోయాను. ఐదు తరవాత ఏడు. సమీక్షకుడెవరో ఒక్క వాక్యం రాశాడు: "ఆరో దూలం ఏమయింది?"

సిగ్గుతో ప్లాంటుకి పరుగెత్తాను. ఆ దూలంలో వేసిన స్ట్రాండు ఏ చుట్టలోది? చుట్టకి కట్టిన చీటీ ఏది? పారేశారు. ఆ చుట్ట ఎప్పుడో అయిపోయింది. మిగతా ఏడు దూలాల్లో ఏ చుట్ట వాడారో కూడా నేను రాసుకోలేదు. పేపర్లో ఆరో దూలాన్ని చేర్చి, "కారణం తెలియలేదు" అని రాశాను. రెండేళ్ళ తరవాత లైబ్రరీలో లోగన్ పేపరు చదువుతూ చాలాసేపు అలాగే కూచుండిపోయాను. నా చేతిలో బహుశా అదే విషయం ఉంది. బహుశా అనే అనాలి, అంతకంటే గట్టిగా చెప్పే హక్కు ఆ చీటీతోపాటే పోయింది.

అందుకని ఆ అమ్మాయికి చెప్పినవి అన్నీ చిన్న సంగతులే. సూత్రాలూ కంప్యూటరు బొమ్మలూ ఎవరైనా మళ్ళీ చేసుకోగలరు, ఆ ఉదయం ప్లాంటులో ఏం జరిగిందో మాత్రం నువ్వే చెప్పాలన్నాను. స్ట్రాండు ఎవరి తయారీ, ఏ చుట్ట, ముట్టుకుంటే జిడ్డుగా ఉందా, కాస్త తుప్పు పట్టిందా (కొంచెం తుప్పు పట్టుకి మంచిదే, చాలామంది నమ్మరు). కోసినప్పుడు కాంక్రీటు బలం ఎంత. మంటతో ఒక్కసారి తెంపారా, జాకీతో మెల్లగా వదిలారా; మంటతో తెంపిన వైపు బదిలీ పొడుగు ఎక్కువ వస్తుంది కనక కొలిచింది ఏ వైపో కూడా రాయాలి. సగటుతోపాటు విడివిడి కొలతలన్నీ పట్టికలో పెట్టాలి. పేపరు అచ్చయ్యాక పాఠకుల చర్చలు వస్తాయి, వాటికి జవాబు రాయాలి. చర్చ రాసేవాడు చాలాసార్లు పాతికేళ్ళు ప్లాంటులో పనిచేసినవాడు అయి ఉంటాడు. మా రోజుల్లో నేను ముందు చర్చల పేజీలే తిప్పేవాణ్ణి.

"మరి ప్రొఫెసర్ గారు ఒప్పుకుంటారా అంకుల్?" అంది. అది నేను చెప్పలేను. పొసగని ఫలితం ఉంటే పేపరు బలహీనమవుతుందని భయపడే పెద్దలు ఉన్నారు, మా కాలంలోనూ ఉండేవారు. కజిన్స్ పేపరు కథ ఆయనకి ఒకసారి చెప్పి చూడమన్నాను.

నిన్న పట్టిక పంపింది. ఆరు వరసలున్నాయి. ఆరో వరసలో జారుడు 3.6 మిల్లీమీటర్లు. పక్కన చుట్ట సంఖ్య గడి ఖాళీగా ఉంది. ఆఫీసుకి కాకుండా తిన్నగా ప్లాంటు యార్డుకే ఫోను చెయ్యమన్నాను. పోసి ఇంకా మూడు నెలలే అయింది. చీటీ ఉండొచ్చు.