పాపమునకు పుణ్యనామము

తాను చేయునది క్రూరకృత్యమని ఒప్పుకొని చేయువాడు అరుదు. మనుజుడు ముందుగా దానికొక మంచి పేరు పెట్టుకొనును. ఒక్కడు చేసినచో అది ఆత్మవంచన. ఊరంతయు కూడి చేసినచో ఆచారము.

దీనికి నిదర్శనము దూరమున లేదు. నేడు నంద్యాల జిల్లాలో చేరిన ప్యాపిలి 2022 వరకు కర్నూలు జిల్లాలోనిది. ఆ కర్నూలు జిల్లా పల్లెలలోను, పొరుగు అనంతపురము, బళ్ళారి ప్రాంతములలోను ఆడపిల్లలను దేవత పేర వదలు దురాచారముండెను. అట్టి స్త్రీని 'బసివి' యనిరి. తెలంగాణమున 'జోగిని' యనిరి. దేవుని పేర అచ్చువేసి వదలిన ఆంబోతు బసవడు. బసివి యనునది దానికి స్త్రీరూపము. బసవ నామమును తలపించు మాటకు పట్టిన గతి యిది! వీరిలో పెక్కుమంది దళితుల, నిరుపేదల బిడ్డలు. దేవుని భార్య యనబడిన బాలిక ఈడు వచ్చిన పిదప ఊరివారికి భోగ్యవస్తువగుచుండెను.

దీనిని ఎట్లు సమర్థించుకొనిరి?

1. పేరు మార్చిరి. బిడ్డను బలియిచ్చుట యనక 'మొక్కు' అనిరి.

2. బాధ్యతను పంచుకొనిరి. తండ్రి 'అమ్మవారి కోరిక' యనెను. పూజారి 'పెద్దల కట్టడి' యనెను. పెద్దలు 'అనాదిగా ఉన్నదే' యనిరి. అందరును చేసిన పనికి కర్త ఒక్కడును లేకపోయెను.

3. భయపెట్టిరి. మానినచో ఊరికి కీడు మూడుననిరి.

4. నిందను బాధితురాలిపై మోపిరి. 'దాని నొసటి వ్రాత' యనిరి. ఆ వ్రాత పేదవాని బిడ్డ నొసటనే ఏల పడెనని అడిగినవారు కొద్దిమంది.

మద్రాసు రాష్ట్రమున 1947లో నిషేధ చట్టము వచ్చెను. కర్నూలు నాడు అందులోనిదే. అయినను ఆంధ్రప్రదేశమున 1988లో మరల చట్టము చేయవలసి వచ్చెను. సాకు మనస్సులో నిలిచియున్నంత వరకు శాసనము కాగితముపైననే యుండును. నిజామాబాదు జిల్లాలో జోగినుల పునరావాసమునకు పాటుపడినవారు మహాకవి జాషువ కుమార్తె హేమలత, ఆమె భర్తయు గోరా కుమారుడునగు లవణం. దైవము పేర జరిగిన అన్యాయమును మాన్పుటకు నాస్తికులు ముందునకు వచ్చిరన్నది భక్తులు తలపోయదగిన విషయము.

కల్యాణమున 12వ శతాబ్దిలో శరణులు నడచిన త్రోవ వేరు. వేశ్యావృత్తి నుండి వచ్చిన సూళె సంకవ్వ వారి నడుమ వచనకర్త్రిగా నిలిచెను. లోకము విడిచినవారిని చేరదీయుట ఆ మార్గము. చేరదీయవలసినవారిని విడుచుట దానికి విరుద్ధము.

కావున ఏ ఆచారము ఎదురైనను ప్రతి గృహమునందును, మఠమునందును ఈ మూడు ప్రశ్నలు వేసికొనవలెను:

దీని భారము ఎవరిపై పడుచున్నది?
కాదనుటకు వారికి వీలున్నదా?
మన బిడ్డకే యిది జరిగినచో దీనిని ధర్మమందుమా?