ఉత్తర కోస్తాలో ఐరిస్ కుటుంబపు దుంపపూల సాగు: చలి, తేమ, దుంప నిల్వ

చలిని తట్టుకునే పూలమొక్కలలో ఐరిస్ ముఖ్యమైనది. కాశ్మీరులో సమాధుల మీద, మట్టి ఇళ్ల పైకప్పుల మీద కూడ ఇది పెరుగుతుంది. శీతకాలపు గట్టి చలి, వేసవిలో పొడినేల దీనికి అనుకూలం. అందువలన దీని కొమ్మును లోతుగా పూడ్చక, పైభాగం ఎండ తగిలేలా నాటుతారు. నీరు నిలిస్తే కొమ్ము కుళ్లుతుంది. చలి కంటె తేమయే దీనికి ప్రమాదకరం.

విజయనగరం మైదానంలో ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్లకు పైగా వర్షం కురుస్తుంది. శీతకాలపు చలి స్వల్పం. కనుక శీతల ప్రాంతపు ఐరిస్ ఇక్కడ వాణిజ్య పంటగా రాణించదు. అదే కుటుంబానికి చెందిన గ్లాడియోలస్‌ను మాత్రం వర్షాలు తగ్గిన తరువాత మైదానంలోను, అరకు, చింతపల్లి వంటి ఎత్తైన ప్రాంతాలలోను పండించవచ్చు.

నేల, నాటుట: నీరు ఇంకే ఇసుకపాలు గరపనేలలు శ్రేష్ఠం. అక్టోబరులో 4–5 సెంటీమీటర్ల వ్యాసం గల ఆరోగ్యవంతమైన దుంపలను ఎంచుకోవాలి. లీటరు నీటికి 2 గ్రాముల కార్బెండజిమ్ కలిపిన ద్రావణంలో 30 నిమిషాలు ముంచి, ఎత్తు మడులపై 30 × 20 సెంటీమీటర్ల దూరంలో 5–8 సెంటీమీటర్ల లోతున నాటాలి. నత్రజనిని 3 ఆకులు, 6 ఆకుల దశలలో రెండు దఫాలుగా వేయాలి. ఈ దశల నడుమ పూకాడ రూపొందుతుంది గనుక నీటి ఎద్దడి రానీయరాదు.

చలి: ఐరిస్ వలె గ్లాడియోలస్ గడ్డకట్టే మంచును తట్టుకోలేదు. బరువైన చల్లగాలి పల్లానికి దిగుతుంది. అందుచేత లంబసింగి వంటి చోట్ల లోయ అడుగు పొలాలను విడిచి, వాలు నేలలను ఎంచుకోవడం మేలు.

కోత: అడుగున ఉన్న ఒకటి రెండు మొగ్గలు రంగు చూపగానే, మొక్కకు 4–5 ఆకులు మిగిల్చి కాడను కోయాలి. ఆ ఆకులే వచ్చే ఏటి దుంపను పెంచుతాయి. కాడలను నిలువుగానే ఉంచాలి. పడుకోబెడితే కొనలు పైకి వంగుతాయి.

దుంప నిల్వ: సాగులో లాభనష్టాలు ఇక్కడే తేలుతాయి. దుంపలను ఏటా కొనవలసి వస్తే పూల రాబడిలో అధిక భాగం విత్తనానికే పోతుంది. కోసిన 6–8 వారాలకు, ఆకులు పసుపుబారగానే దుంపలను త్రవ్వి, నీడలో ఆరబెట్టి, కుళ్లినవాటిని ఏరివేయాలి. వేసవి వేడిలో ఇంటివద్ద ఉంచిన దుంపలు వడలుతాయి. వానకాలపు తేమలో కుళ్లుతాయి. శీతల గిడ్డంగిలో 4–5 డిగ్రీల సెల్సియస్ వద్ద నిల్వచేస్తే ఈ నష్టం తగ్గడమే గాక, దుంప నిద్రావస్థ తొలగి మొలక సమంగా వస్తుంది.

మైదానపు శీతకాలం ఇవ్వలేని చలిని ఈ విధంగా గిడ్డంగి ఇస్తుంది. కావున దుంప నిల్వకు ఏర్పాటు చూసుకొన్న పిదపనే, తొలుత కొద్ది సెంట్లలో, రైతులు ఈ సాగు చేపట్టడం శ్రేయస్కరం.