డాక్టరుగారి చదువు కూడా దానం లెక్కలోనిదే

రెజిమెంటల్ బజార్‌లో ఎవరికి ఒళ్లు వెచ్చబడినా ముందు వెళ్లేది గల్లీ చివరి క్లినిక్‌కే. తాతకూ మనవడికీ మందు రాసేది ఆ ఒక్క డాక్టరుగారే. మనం సాయంగా ఇప్పించే మందులూ ఆయన చీటీ ప్రకారమే రోగికి అందుతాయి. కాబట్టి ఆయన చదువు ఎంత తాజాగా ఉందన్నది దాతలకూ పట్టవలసిన విషయం.

వైద్యుల పాఠాలకు డబ్బివ్వడం మన ఊరికి కొత్త కాదు. మత్తుకు వాడే క్లోరోఫాంతో రోగులు ఆపరేషన్ బల్ల మీదే చనిపోతున్న రోజుల్లో, 1889లో ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ వెయ్యి పౌన్లిచ్చి, లండన్ నుంచి లాడర్ బ్రంటన్‌ను రప్పించారు. ఇక్కడి రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీతో కలిసి ఆయన చేసిన పరీక్షల్లో, గుండెకంటే ముందు ఆగేది శ్వాసేనని తేల్చారు. శ్వాసను కనిపెట్టుకుని ఉండమనడం మంచి జాగ్రత్తే. కానీ మత్తు తక్కువగా ఉన్నప్పుడు గుండె హఠాత్తుగా లయ తప్పి ఆగవచ్చని 1911లో గుడ్‌మన్ లెవీ చూపించారు. అంత ఖర్చుపెట్టి నేర్చిన పాఠానికీ ఇరవై రెండేళ్లకే దిద్దుబాటు వచ్చింది.

ఇక మన ఇళ్లలో జరిగేది చూడండి. షుగరుకు వాడే గ్లిబెన్‌క్లమైడ్, కడుపులో తిండి లేకపోయినా షుగరును దించుతూనే ఉంటుంది. రోజూ పొద్దున వేసుకునే డోసునే సహరీలో వేసుకుని రోజా ఉంటే మధ్యాహ్నానికి చెమటలు, వణుకు, స్పృహ తప్పడం. ఉపవాసపు నీరసమేలే అని ఇంట్లోవాళ్లు పడుకోబెడతారు. అసలు ప్రమాదం అక్కడే. 13 దేశాల్లో జరిగి 2004లో వెలువడిన ఎపిడియార్ అధ్యయనంలో, టైప్ 2 రోగులకు షుగరు తీవ్రంగా పడిపోవడం రంజాన్‌లో ఏడు రెట్లకు పైగా పెరిగింది. రంజాన్‌కు ఆరు నుంచి ఎనిమిది వారాల ముందే రోగిని చూసి మందు, డోసు, వేళ సరిచేయాలని ఇప్పటి మార్గదర్శకాలు చెబుతున్నాయి. షుగరు 70కి దిగువకు వస్తే రోజా విరమించాలి. వేలి నుంచి రక్తపు చుక్క తీసి చూసుకుంటే రోజా భంగం కాదని కూడా వాటిలో ఉంది. పాతికేళ్ల కిందట పట్టా పుచ్చుకున్నవారి పుస్తకాల్లో ఇవి లేవు.

అయిదేళ్లలో కనీసం 30 గంటలు వైద్యవిద్యా సదస్సుల్లో పాల్గొనాలని 2002 నిబంధనలు చెబుతున్నాయి. అంటే ఏడాదికి ఆరు గంటలు. గంటలు నిండుతాయి సరే, ఏం విన్నారన్నది వేరే సంగతి. పైగా ఒక్కరే నడిపే క్లినిక్‌కు తాళం వేస్తే ఆ పూట రాబడి పోతుంది, రోగులూ తిరిగిపోతారు.

అందుకని పాఠమే బజారుకు రావాలి. ఒక ఆదివారం సాయంత్రం, ఒక షుగరు నిపుణుడు, చుట్టుపక్కల డాక్టర్లు, పేర్లు కప్పిన వారి సొంత చీటీలే పాఠ్యపుస్తకం. హాలు, టీ ఖర్చు తప్ప పెద్దగా ఏమీ కాదు. అయితే రజబ్ నెల మొదట్లోనే పెట్టాలి. షాబాన్ దాకా ఆగితే రోగుల మందులు మార్చి చూసే వ్యవధి చాలదు.