కొండల నుండి వచ్చినవారికి ఒక కాలు వాచిందా?

గాయమైనప్పుడు రక్తం గడ్డకట్టడం మనకు మేలు. గాయం లేకుండా రక్తనాళం లోపలే గడ్డకడితే మాత్రం ప్రమాదం. చాలా ఎత్తయిన ప్రాంతాల్లో ఉన్నవారిలో ఈ ప్రమాదం పెరుగుతుంది. మీ అబ్బాయి లడఖ్‌లోనో సియాచిన్‌లోనో సైన్యంలో ఉన్నా, మీ పెద్దలు అమర్‌నాథ్, కేదార్‌నాథ్ యాత్రకు వెళ్తున్నా ఈ సంగతి మీకు తెలిసి ఉండాలి.

ఎందుకు గడ్డకడుతుంది?

లేహ్ పట్టణం సుమారు 3,500 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడ ఒక్కో శ్వాసకు అందే ఆక్సిజన్ మన కోస్తా ఊళ్ళలో అందేదానిలో దాదాపు మూడింట రెండు వంతులే. ఆ లోటు తీర్చుకోవడానికి శరీరం ఎర్ర రక్తకణాలను ఎక్కువగా తయారు చేస్తుంది. వారాలు గడిచేకొద్దీ రక్తం చిక్కబడుతుంది. పొడి గాలిలో వేగంగా ఊపిరి తీయడం వల్ల ఒంట్లో నీరు తగ్గుతుంది. చలికి దాహం తెలియదు. కదలకుండా ముడుచుకుని కూర్చుంటే కాళ్ళలో రక్తం నెమ్మదిగా పారుతుంది. ఇవన్నీ కలిసినప్పుడు పిక్కలోని సిరల్లో గడ్డ ఏర్పడవచ్చు. అది విడివడి ఊపిరితిత్తులకు చేరితే ప్రాణానికే ముప్పు.

నెలల తరబడి అక్కడ ఉండేవారికి ముప్పు ఎక్కువ. కొద్ది రోజులు వెళ్ళివచ్చే ఆరోగ్యవంతులకు తక్కువే. అయితే యాత్రికులు రైళ్ళలో, బస్సుల్లో గంటల తరబడి కూర్చుంటారని మరువకండి.

ముందుగా డాక్టరును అడగవలసినవారు

• ఇంతకుముందు రక్తం గడ్డకట్టినవారు, రక్తసంబంధీకుల్లో ఆ జబ్బు ఉన్నవారు
• ఈమధ్య ఆపరేషన్ అయినవారు, క్యాన్సర్ రోగులు
• గర్భిణులు, ఈమధ్య కాన్పు అయినవారు
• గర్భనిరోధక మాత్రలు వాడే స్త్రీలు. యాత్ర కోసం నెలసరి వాయిదా వేసే మాత్రలను కూడా సొంతంగా కొని వేసుకోవద్దు.

ప్రయాణంలో

మూత్రం లేతరంగులో వచ్చేంతగా నీళ్ళు తాగాలి. గంటకొకసారి లేచి నడవాలి. కూర్చున్నచోటే పాదాలు పైకీ కిందికీ ఆడించాలి. మద్యం, పొగ వద్దు.

ఈ లక్షణాలుంటే ఆలస్యం చేయకండి

• ఒక కాలు మాత్రమే వాచి, పిక్క నొప్పి, వేడి
• ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీలో నొప్పి, దగ్గితే రక్తం
• తగ్గని తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారడం, ఫిట్స్

కొండ మీద ఆయాసం, తలనొప్పి వస్తే ఎత్తు పడలేదని అనుకుంటారు. దానికైనా వెంటనే కిందికి దించి వైద్యం చేయించాలి. దిగివచ్చాక కూడా తగ్గకపోతే గడ్డ ఉందేమో పరీక్ష చేయించాలి.

వాచిన కాలికి నూనె రాసి మర్దన చేయవద్దు. గడ్డ కదిలిపోవచ్చు. ఆయాసం, ఛాతీనొప్పి, ఫిట్స్ వస్తే 108కి ఫోన్ చేయండి.

సెలవుపై ఇంటికి వచ్చిన మనిషికి కాలు వాస్తే బెణికిందనుకోవడం సహజం. అందుకే ఆసుపత్రిలో మొదటే చెప్పండి: "ఈయన ఫలానా ఎత్తయిన చోట ఇన్ని రోజులున్నారు, ఫలానా రోజు వచ్చారు." స్కానింగ్‌లో గడ్డ కనబడితే మందులతో వైద్యం ఉంది. ఆ మందులు సాధారణంగా కనీసం 3 నెలలు వాడాలి. వాపు తగ్గిందని మధ్యలో మాన్పించకండి.